పాత కారుకు పాత వేషం ఎందుకయ్యా?

మన పెద్దాయన ఒకరు సంఘానికిచ్చిన 1968 అంబాసిడర్‌ను ఉగాదికి 'పాతకాలం హాట్ రాడ్'గా మారుస్తామని మన పిల్లకాయలు పట్టుబడుతున్నారు. టాపు కోస్తారట, మడ్‌గార్డులు పీకేస్తారట, మెరిసే అల్లాయ్ చక్రాలు వేస్తారట!

అయ్యా, అమెరికాలో హాట్ రాడ్ షోకుకు పుట్టలేదు. కాలిఫోర్నియాలో ఎండిన సరస్సుల నేల మీద పందేలకని అక్కడి కుర్రవాళ్ళు పాత ఫోర్డు బండ్ల బరువు తగ్గించారు. మడ్‌గార్డులు పీకింది అందుకు. ఈనాడు అక్కడ పాత పద్ధతే కావాలనేవాళ్ళు అల్లాయ్ చక్రాలు తీసేసి, ఆ కాలపు ఇనుప చక్రాలు వెతికి వేసుకుంటున్నారు. మనవాళ్ళు తలకిందులుగా చేస్తామంటున్నారు.

మన బండి పాతదే కదా! రైల్వేలో ఫైళ్ళు చూసినవాణ్ణి, రూలు చెబుతాను. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని సొంత బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. బాడీ కోస్తే ఆ అర్హత పోయినట్టే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఇట్లాంటి మార్పులు ఒప్పుకోదు.

తమిళనాట ఇన్ని తరాలుగా మన తెలుగు నిలిచింది వేషం వేసి కాదు, ఉన్నదాన్ని పారేయకుండా. కార్యవర్గం డబ్బు బ్రేకులకు, టైర్లకు ఇవ్వండి. కోతకు ఒక్క రూపాయి ఇవ్వకండి.