మూడు కాళ్ల కుర్చీ



కుర్చీ అంటే కూర్చోవడానికే అనుకుంటాం. కానీ స్విట్జర్లాండులోని జెనీవాలో ఐక్యరాజ్యసమితి కార్యాలయం ఎదురుగా ఒక పెద్ద చెక్క కుర్చీ ఉంది. ఎత్తు 12 మీటర్లు. దాని మీద ఎవరూ కూర్చోలేరు. ఒక కాలు సగానికి విరిగి, పేడులు లేచి ఉంటుంది. మందుపాతర మీద అడుగు పడి కాళ్లు పోయినవాళ్ల కోసం 1997లో దాన్ని నిలబెట్టారు. మూడు నెలలే ఉంచుదామనుకున్నారంట. ఇప్పటికీ ఉంది.

ఆలోచన డానియేల్ బెర్సే అనే శిల్పిది. 5.5 టన్నుల కలపతో చేసింది లూయీ జెనేవ్ అనే వడ్రంగి. నాలుగు కాళ్లూ సమానంగా చేయడమే వడ్రంగి పని. ఆయన మాత్రం కావాలనే ఒక కాలు విరిగినట్టు చేసి, మూడు కాళ్ల మీద పడిపోకుండా నిలిపాడు. అందుకే శిల్పి పేరుతోపాటు వడ్రంగి పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి అంటాను.

అదే ఏడాది డిసెంబరులో మందుపాతరలు వద్దని కెనడాలోని అటావాలో 122 దేశాలు సంతకాలు పెట్టాయి. మన దేశం ఇంకా పెట్టలేదు. సరిహద్దుకి కాపలా వద్దా అని కొందరంటారు. కాపలా కావాల్సిందే. కానీ శత్రువెవరో, కట్టెలకెళ్లిన అమ్మెవరో మందుపాతరకి తెలీదు. యుద్ధం అయిపోయినా అది మట్టిలోనే కాచుకుని ఉంటుంది. తునికాకుకైనా ఇప్పపువ్వుకైనా మనవాళ్లు పోయేది కాలినడకనే. కాబట్టి మన దేశం కూడా సంతకం పెట్టాలి. ఎవరు పాతినా తప్పు తప్పే. ఇది నా అభిప్రాయం.

ఈసారి డ్రాయింగు పీరియడులో అందరం మూడు కాళ్ల కుర్చీ బొమ్మ వేద్దామా?

– 9వ తరగతి విద్యార్థిని