సత్యమే సాహసం

రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయంలో విదేశీయానం కోరే యువతీయువకులు 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకొంటారు. కోరిక ఈడేరిన పిదప 108 ప్రదక్షిణలతో మొక్కు తీర్చుకొంటారు. ఎల్లలు దాటి ఎదగాలన్న ఆ ఆకాంక్ష ప్రశంసనీయమే. అయితే ఎంత దూరం వెళ్ళామన్నదానికన్న ఎంత నిష్ఠతో పనిచేశామన్నదే మనిషికి గౌరవం తెచ్చిపెడుతుంది. రాజాచారి జీవితం ఇందుకు నిదర్శనం.

రాజాచారి తండ్రి శ్రీనివాస్ చారి హైదరాబాదు నుండి ఇంజనీరింగు విద్యకై అమెరికా వెళ్ళారు. అక్కడే జన్మించిన రాజాచారి 1999లో ఆ దేశ వాయుసేన అకాడమీ పట్టభద్రులయ్యారు. యుద్ధవిమాన చాలకునిగా అనుభవం గడించి, టెస్ట్ పైలట్‌గా శిక్షణ పొంది, ఎఫ్-35 విమాన పరీక్షలలో పాలుపంచుకొన్నారు. 2017లో నాసా వ్యోమగామిగా ఎంపికై, 2021 నవంబరులో క్రూ-3 బృంద నాయకునిగా అంతరిక్షానికి వెళ్ళి, 177 రోజుల అనంతరం తిరిగి వచ్చారు.

టెస్ట్ పైలట్ అంటే ప్రాణాలను లెక్కచేయని దుస్సాహసి అని లోకం తలపోస్తుంది. అది పొరపాటు. కొత్త విమానపు వేగాన్ని, ఎత్తును, అది మోయగల భారాన్ని అతడు మెట్టు మెట్టుగా పెంచుతూ పోతాడు. నేలపై ఇంజనీర్లు ప్రతి కదలికను పరిశీలిస్తూ ఉంటారు. ఒక మెట్టు నిర్ధారణ కానిదే మరొక మెట్టు ఎక్కరు. దిగివచ్చిన పిదప చూచినది చూచినట్లు నివేదించడమే అతని అసలు పరీక్ష.

ఈ వృత్తిలో ప్రమాదం లేకపోలేదు. మన దేశంలో రూపొందిన మారుత్ విమానాన్ని 1961 జూన్ 17న తొలిసారి నడిపిన సురంజన్ దాస్, 1970 జనవరి 10న అదే రకపు విమాన ప్రమాదంలో అసువులు బాశారు. 2001 జనవరి 4న రాజీవ్ కోథియాల్ తేజస్‌ను తొలిసారి 18 నిమిషాలు నడిపారు. ఆ విమానం వాయుసేన దళంలో చేరింది 2016లో. ఇంత జాప్యమా అని విమర్శించినవారు కలరు. జాప్యానికి కారణాలు పెక్కు. వాటిని ప్రశ్నించడం సబబే. కాని తొందరపడి పరీక్షలను కుదించడం మాత్రం తగదు. నివేదికలో దాచిన ఒక్క లోపం, రేపు ఆ విమానమెక్కే యువ చాలకుని ప్రాణం తీయవచ్చు.

ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవారు జాతీయ రక్షణ అకాడమీ ద్వారా వాయుసేనలో ప్రవేశించవచ్చు. వారికి విమాన శిక్షణ మన దుండిగల్‌లోనే లభిస్తుంది. సర్వీసులో తగిన అనుభవం, ప్రతిభ గలవారికి బెంగళూరులోని టెస్ట్ పైలట్ల పాఠశాల ద్వారాలు తెరుస్తుంది. అయితే ఆ వృత్తికి కావలసిన గుణం కళాశాల ప్రయోగశాలలోనే అలవడాలి. ప్రయోగఫలితం పుస్తకంలోని అంకెతో సరిపోలనప్పుడు పక్కవారి రికార్డు చూచి దిద్దుకొనే విద్యార్థి, తనకు తెలియకుండానే అసత్యాన్ని అభ్యసిస్తున్నాడు. వచ్చిన అంకెనే వ్రాసి, తేడా ఎందుకు వచ్చినదో వెదకేవాడు సత్యాన్ని అభ్యసిస్తున్నాడు. ఆకాశమెక్కినా, ఎక్కకున్నా దేశానికి కావలసినవాడు ఈ రెండవవాడే.