దాంపత్యానికి దాఖలా

నెల రోజులుగా గోలేటిలో, మా క్వార్టరు వసారాలో, సాయంకాలం పూట నేను వీసా అధికారి వేషం వేస్తున్నాను. ఎదుట కూర్చునేది నా పూర్వ విద్యార్థిని. ఆమె తండ్రి తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన కాలపు కోల్‌ఫిల్లరు. బాయి దిగి దిగి ఊపిరి చెడి, అన్‌ఫిట్ అయి ఇంటికి వచ్చినవాడు. ఆమెతోపాటు చదువుకున్న వేరొక కులపు కుర్రవాడు సముద్రాల అవతల ఉద్యోగం సంపాదించాడు. ఇద్దరూ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు కచేరీలో పెళ్ళి చేసుకున్నారు. ఆ చట్టం కోరే ముగ్గురు సాక్షులలో నేనొకణ్ణి. ఇప్పుడామె భర్త దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళటానికి ముందు, అతను తన భర్తేనని వొక గాజు కిటికీ ముందు నిలబడి రుజువు చెయ్యాలి.

నేను ప్రశ్నలు వేస్తాను. మీ పరిచయం ఎట్లా జరిగింది? పెళ్ళి మాట మొదట ఎవరెత్తారు? అతని జీతమెంత? పెళ్ళికి ఎంతమంది వచ్చారు? అత్తగారి పేరేమిటి, ఆవిడ పెళ్ళికి ఎందుకు రాలేదు? ఆమె జవాబు చెబుతుంది. తడబడితే మళ్ళీ అడుగుతాను. కూతురికి తోడుగా వచ్చి అరుగుమీద కూర్చునే తండ్రి వొకనాడు ఉండబట్టలేక, "గవన్నీ వాళ్ళకెందుకు సారూ? మస్టర్ల పేరుంటే మనిషి పనికొచ్చినట్టే గదా. రిజిస్టర్ల సంతకాలుంటే పెండ్లయినట్టే" అన్నాడు.

ఆ ముసలి కార్మికుడి తర్కంలో లోపమేమిటో ఆలోచించాను. లోపం లేదు. లోపమంతా ఆ తర్కం చెల్లని లోకంలో వుంది.

"ఇది కంప్యూటరు ఉద్యోగుల గొడవ. జీతాలు లక్షల్లో, కాపురాలు విదేశాల్లో. శ్రామికవర్గ పత్రికలో దీనికి చోటెందుకు?" అనే మిత్రులు మనలో వున్నారు. యీ మిత్రులు గోలేటి నుంచి కరీంనగరం దాకా వొకసారి బస్సులో వెళ్ళి వస్తే బాగుండును. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు పల్లెల నుంచి ఎన్ని వేలమంది గల్ఫు దేశాలకు కూలికి వెళ్ళారో, వాళ్ళ భార్యలు ఏ దేశంలో వున్నారో కనుక్కుంటే ఇంకా బాగుండును. 2019 నిబంధన ప్రకారం యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో భార్యను తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హములు, లేదా 3,000 దిర్హములూ ఇల్లూ వుండాలి. లేబరు క్యాంపులో పది మందితో వొక గది పంచుకునే తాపీ కూలీకి ఆ అంకె అందదు. కనుక అతని భార్యను ఏ అధికారీ ఏ ప్రశ్నా అడగడు. ఆమె ప్రేమ నిజమా అబద్ధమా అన్న అనుమానమే ఎవరికీ రాదు. అనుమానించబడటానికి గూడా వొక ఆదాయం కావాలి! నా విద్యార్థినిని కిటికీ దాకా రానిచ్చిందీ, ఆ కూలీ భార్యను పల్లెలోనే ఆపిందీ వొకే సూత్రం. చేతులు కావాలి, కుటుంబం అక్కర్లేదు. ఏ చేతులు ఎక్కువ ఖరీదైతే వాటి వెనక కుటుంబాన్ని అంతమేరకు సహిస్తారు.

యీ సూత్రం కొత్తది కాదు. బొగ్గు గనుల మధ్య బ్రతికే మనకు దీని చరిత్ర తప్పకుండా తెలియాలి. దక్షిణాఫ్రికాలో బాయి మరియం అనే భారత స్త్రీని, భర్త అక్కడే వున్నా, దిగనివ్వలేదు. ఆమె పెళ్ళి ఇస్లాం ఆచారం ప్రకారం జరిగింది. 1913 మార్చి 14న కేప్ న్యాయస్థానంలో జస్టిస్ సెర్ల్ ఆ పెళ్ళి చట్టం ముందు పెళ్ళి కాదని తీర్పు చెప్పాడు. వొక్క కలంపోటుతో అక్కడి హిందువుల, ముస్లిముల, పార్శీల భార్యలందరూ చట్టం దృష్టిలో భార్యలు కాకుండా పోయారు. ఒప్పంద కాలం ముగిసిన కూలీల మీద అప్పటికే తలకు మూడు పౌన్ల పన్ను వుంది. మళ్ళీ ఒప్పందం రాసుకో, లేదా ఇంటికి పో, లేదా పన్ను కట్టు. అంటే పనిచేస్తే వుండు, కాపురం పెడితే పో అనటమే. ఆ ఏడాది కొద్దిమంది స్త్రీలు, వారిలో ఎక్కువమంది తమిళులు, నెటాల్‌లోని న్యూకాజిల్ బొగ్గు గనులకు వెళ్ళి కార్మికులను సమ్మెకు పిలిచారు. మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన తమిళ, తెలుగు కూలీల సంతతి పనిచేసే ప్రాంతమది. అక్టోబరులో గనులు ఆగాయి. భార్యాబిడ్డలతో సహా రెండువేల పైచిలుకు మంది నడిచి సరిహద్దు దాటారు. 1914లో పన్ను రద్దయింది; ఏకపత్నీ వివాహాలకు గుర్తింపు వచ్చింది. అంటే భార్యను భార్య అనిపించుకోవటానికి బొగ్గు గనుల్లో పని ఆపవలసి వచ్చింది. ఇది కంప్యూటరు ఉద్యోగుల గొడవ అనే మిత్రులకు యీ వొక్క ఉదాహరణ చాలుననుకుంటాను.

రెండో ఆక్షేపణ ఇంతకన్న బలమైంది. "దొంగ పెళ్ళిళ్ళు వున్నమాట అబద్ధమా? రాజ్యం విచారించటంలో తప్పేముంది?" అంటారు. వున్నాయి, కాదనను. ఐతే యీ పరీక్ష ఇన్నాళ్ళూ ఏం పరీక్షించిందో చూడాలి. 1979 జనవరిలో, పెళ్ళి చేసుకోవటానికి లండను హీత్రో విమానాశ్రయంలో దిగిన 35 ఏళ్ళ భారతీయ ఉపాధ్యాయినికి "కన్యాత్వ పరీక్ష" చేశారు. ఆ వార్త పత్రికలకెక్కి లోకమంతా ఛీ అన్నాక గాని ఆ నీచం ఆగలేదు. ఆ దేశంలోనే 1997 దాకా "ముఖ్యోద్దేశ" నిబంధన అని వొకటుండేది. పెళ్ళి నిజమైనదైనా సరే, దాని ముఖ్యోద్దేశం ఆ దేశంలో స్థిరపడటం కాదని అర్జీదారే రుజువు చెయ్యాలి. లేని ఉద్దేశాన్ని లేదని రుజువు చెయ్యటం ఏ న్యాయశాస్త్రం నేర్పిన విద్య? అది పోయింది గదా అంటే, 2012లో ఆదాయపు నిబంధన వచ్చింది: భార్యను గాని భర్తను గాని తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌన్లు. 2024 ఏప్రిల్‌లో అది 29,000 అయింది. మొదట శరీరాన్ని పరీక్షించారు, తర్వాత మనసును, ఇప్పుడు జీతాన్ని. యీ చివరి పరీక్షలోనే దొరలు కొంత నిజాయితీ చూపారని నేనంటాను. మొదటి నుంచీ తూచింది దేనినో ఇప్పుడు పైకి చెప్పారు.

పైగా యీ పరీక్ష వెదికేది రాజ్యానికి జరిగే మోసాన్ని. పిల్లకు జరిగే మోసం దాని లెక్కలో లేదు. కట్నమెంత తీసుకున్నాడని ఆ కిటికీలో అడగరు. అమెరికా 1986లో దొంగ పెళ్ళిళ్ళ నివారణకని చట్టం చేసి, పౌరులను పెళ్ళాడి వచ్చినవారికి రెండేళ్ళ షరతు పెట్టింది. ఆ షరతు తీయించుకోవటానికి ఇద్దరూ కలిసి అర్జీ పెట్టాలి. అంటే తన్నే భర్త చేతిలోనే భార్య నివాసహక్కు పెట్టారు. దెబ్బలు తిన్న భార్యలకు మినహాయింపు కావాలని చట్టసభకు తట్టటానికి 1990 దాకా పట్టింది.

మా బొగ్గు బెల్టులో "డిపెండెంటు" అనే మాటకు వొక గౌరవముంది. అన్‌ఫిట్ అయిన తండ్రి స్థానంలో ఉద్యోగానికి అర్హత గల బిడ్డ డిపెండెంటు. ఆ మాటలో అన్నం వుంది. వీసా భాషలో డిపెండెంటు అంటే అన్నం మరొకరి చేతిలో వున్న మనిషి. అమెరికాలో హెచ్-1బి ఉద్యోగుల భార్యలకు 2015 దాకా పని చేసే హక్కే లేదు. ఆ ఏడు వచ్చింది గూడా శాశ్వత నివాసపు వరుసలో కొంత దూరం నడిచినవారి భార్యలకే. మన ఇళ్ళలో అప్పులు చేసి ఇంజనీర్లను చేసిన కూతుళ్ళు అక్కడ ఏళ్ళ తరబడి వంటగదుల్లో కూర్చున్నారు. "భర్త మీద ఆధారపడతావా?" అన్న ప్రశ్నకు అవునని చెప్పటం నేర్పవలసిన మేష్టరు ఏం నేర్పినట్టు?

ఇక ఆత్మవిమర్శ. పట్నంలో వొక వీసా సలహాదారు యీ అమ్మాయితో, "రిజిస్టరు కాగితం సరే, పెళ్ళి ఫోటోలేవి? వొక ఫంక్షన్‌హాలు మాట్లాడుకోండి. అయ్యగారిని పిలవండి. తలంబ్రాలు, తాళి, నలుగురు పెద్దవాళ్ళు వుండాలి. అబ్బాయి సెలవుమీద వచ్చినప్పుడు పూట పనే" అన్నాడట. ఆమె నన్నడిగింది. నేను కొంచెంసేపు ఆలోచించి, "తీయించుకోమ్మా, పోయేదేముంది" అన్నాను. ఆమె నా ముఖం చూసి, "సార్, మా పెళ్ళికి సాక్షి సంతకం పెట్టింది మీరే గదా. ఆ పెళ్ళి చాలదని మీరే అంటే, కిటికీ అవతలివాళ్ళను ఏమనుకోవాలి?" అన్నది.

నాకు జవాబు లేకపోయింది. కులం గోడ దూకి, కట్నం కాదని, పురోహితుడు లేకుండా చేసుకున్న పెళ్ళిని నిజమనిపించటానికి వొక దొంగ పెళ్ళి చెయ్యమని సలహా ఇచ్చింది అభ్యుదయవాదినని చెప్పుకునే నేనే. రిజిస్ట్రారు పత్రం చెల్లదని ఏ దేశమూ అనటం లేదు. కాని ఉత్సవాల ఫోటోలనూ, బంధువుల వాంగ్మూలాలనూ సాక్ష్యాలుగా లెక్కకు తీసుకుంటారు. ఆస్ట్రేలియా నిబంధనలైతే దంపతుల ఆర్థిక సంబంధం, గృహ నిర్వహణ, పరస్పర నిబద్ధతలతోపాటు సంఘంలో వారి సంబంధానికున్న గుర్తింపును గూడా చూడాలంటాయి. సంఘం వెలివేసినవాళ్ళు సంఘం గుర్తింపును ఎక్కడినుంచి తేవాలి? ఐదు వందలమంది బంధువులతో, లక్షల కట్నంతో జరిగిన పెళ్ళికి సాక్ష్యం సులువు. ప్రేమించి, ముగ్గురు సాక్షులతో పెళ్ళాడినవాళ్ళకే ఆల్బం పలచన. మన కులపెద్దల కొలబద్దా, పరాయి అధికారి కొలబద్దా ఇక్కడ వొకటైపోయాయి.

ఆ కిటికీకి ముందు మన గోడ వొకటుందని గూడా ఒప్పుకోవాలి. 1872 నాటి చట్టం కింద పెళ్ళాడాలంటే ఏ మతమూ నాది కాదని ప్రకటించవలసి వుండేది. స్వతంత్ర భారతంలో 1954 చట్టం ఆ అవమానాన్ని తొలగించింది గాని, 30 రోజుల నోటీసు వుంచింది. యీ ఇద్దరి పేర్లూ, వివరాలూ నెలరోజులు కచేరీలో ప్రకటనగా అంటించి వున్నాయి; ఎవరైనా వచ్చి ఆక్షేపణ చెప్పమని. కులపెద్దల సమక్షంలో జరిగే పెళ్ళికి యీ నోటీసు లేదు. పరాయి దేశం ప్రశ్నించటానికి ముందే మన రాజ్యం వాళ్ళను దోషుల్లాగా గోడకెక్కించింది. దీనిమీద మన సంఘాలు ఎన్ని తీర్మానాలు చేశాయి?

ఆ అమ్మాయి ఇంటర్వ్యూకు వెళ్ళకూడదని నేననను. భార్యాభర్తలను విడిగా వుంచే నీతి నాకక్కర్లేదు. మా తర్ఫీదు సాగుతూనే వుంది. ఫంక్షన్‌హాలు మాట మానేశాం. ఆమె తీసుకెళ్ళేది రిజిస్ట్రారు పత్రం, భర్త జీతపు కాగితాలు, ఆ రోజు కచేరీ మెట్లమీద తీసుకున్న వొకే వొక ఫోటో. అందులో నేనూ వున్నాను. "పెళ్ళికి ఎంతమంది వచ్చారు?" అని వారం రోజులుగా నేను అడగటం, "ముగ్గురు" అని ఆమె తలవంచకుండా చెప్పటం మాకు అలవాటైంది.

కాని సరైన జవాబులు నేర్పటంతో మన పని పూర్తి కాదు. రిజిస్టరైన పెళ్ళి ఎక్కడైనా పెళ్ళేనని, కాపురానికి జీతపు కొలత వుండరాదని, భర్త వెంట వెళ్ళిన స్త్రీకి మొదటి రోజు నుంచే పని హక్కు కావాలని, గల్ఫు కూలీకి భార్యాబిడ్డలతో బ్రతికే హక్కుందని, ఇక్కడ మన గోడమీది 30 రోజుల నోటీసు పోవాలని అడగవలసింది మనమే. విద్యార్థి సంఘాలూ, ఉపాధ్యాయ సంఘాలూ, గని కార్మిక సంఘాలూ దీన్ని సొంతింటి గొడవగా కాక తమ కార్యక్రమంగా తీసుకోవాలి. న్యూకాజిల్ గనుల్లో తట్ట కింద పెట్టినవాళ్ళు పెళ్ళి వేరు, కూలి వేరు అనుకోలేదు. మస్టరు ఉపమానం చెప్పిన మా ముసలి కోల్‌ఫిల్లరుకు గూడా ఆ రెండూ వొకటేనని తెలుసు. చదువుకున్న మనకే ఇంకా తెలియవలసి వుంది.