సామాన్లతో పాటు వచ్చే రోబో

బదిలీ ఉత్తర్వులు పరీక్షల టైంటేబుల్ చూసుకుని రావు. ఈ సంగతి మనకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. నలుగురు కలిసి నెలల తరబడి బిగించిన రోబో బండి పాత బడిలోనే ఉండిపోతుంది. దాన్ని నడిపించిన పిల్ల మాత్రం మరో రాష్ట్రంలో, కొత్త తరగతిలో కూర్చుంటుంది. అక్కడి కిట్ వేరే రకం కావచ్చు, బీరువాలో తాళం వేసి ఉండనూవచ్చు. మళ్లీ అ ఆల నుంచి మొదలు. అందుకే, మనలాంటి వాళ్ల బడుల్లో రోబోటిక్స్ పాఠం కిట్‌తో కాక సిమ్యులేటర్‌తో మొదలుపెట్టాలని మేం అంటాం.

వెబాట్స్ సంగతే చూడండి. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నగరంలో, అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో 1996లో మొదలైన సాఫ్ట్‌వేర్ ఇది. చాలా ఏళ్లు డబ్బిచ్చి కొనుక్కోవలసి వచ్చేది. 2018 డిసెంబరు నుంచి సోర్స్ కోడ్‌తో సహా ఉచితం. ఇందులో ఈ-పక్ అనే బుల్లి రోబో ఉంది: రెండు చక్రాలు, అడ్డంకుల్ని పసిగట్టడానికి చుట్టూ 8 ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు. మనం పైథాన్‌లో ప్రోగ్రాం రాస్తే చాలు. సాఫ్ట్‌వేర్ కాలాన్ని చిన్నచిన్న ముక్కలు చేసుకుంటుంది. మనం మార్చకపోతే ఒక్కో ముక్క 32 మిల్లీసెకన్లు. ప్రతి ముక్కలోనూ చక్రం ఎంత తిరిగింది, గోడ ఎంత దూరంలో ఉంది అని లెక్క కడుతుంది. గోడకు గుద్దుకున్నా ఏదీ విరగదు, ఎవరూ కేకలెయ్యరు. రీసెట్ నొక్కడమే. గది, గోడలు, రోబో వివరాలన్నీ ఒక టెక్స్ట్ ఫైలు. దాన్ని నడిపే ప్రోగ్రాం ఇంకో ఫైలు. రెండూ పెన్‌డ్రైవ్‌లో పడతాయి. ప్యాకర్లతో పనిలేదు.

కంప్యూటర్ పాతదైతే త్రీడీ బొమ్మ ఈడుస్తూ నడుస్తుంది, నిజమే. అలాంటిచోట పైథాన్‌తో పాటే వచ్చే టర్టిల్‌తో మొదలుపెట్టొచ్చు. ఇంటిని వీపున వేసుకు తిరిగే తాబేలు మనకు చుట్టమే కదా!

అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. సిమ్యులేటర్‌లో ఘర్షణ అంటే మనం ఇచ్చిన ఒక అంకె. క్వార్టర్స్ గచ్చు మీద దుమ్ముంటే చక్రం జారుతుంది, బ్యాటరీ దిగితే వేగం తగ్గుతుంది, కిటికీలోంచి పడే ఎండకు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ తికమకపడుతుంది. కాబట్టి బీరువా తాళమూ తియ్యాలి. తెరమీద మీటరు దూరం వెళ్లిన బండి నేలమీద ఎంత వెళ్లిందో టేపుతో కొలిచి, తేడా ఎందుకొచ్చిందో పిల్లలే వెతకాలి. తెరమీద గెలిచామని చప్పట్లు కొట్టి వదిలేసే ప్రదర్శనలంటే మాకు గిట్టదు.

తెలుగు చెప్పేవాళ్లం కనుక ఇంకో మాట. హ్యాష్ గుర్తు తర్వాత ఆ వరుసలో ఏం రాసినా పైథాన్ పట్టించుకోదు. తెలుగులో రాసినా సరే. ‘ఇక్కడ ఎడమకు ఎందుకు తిప్పానంటే’ అని రాసుకుంటే, ఆరు నెలల తర్వాత కొత్త ఊళ్లో ఫైలు తెరిచినప్పుడు తడుముకోనక్కర్లేదు. జట్టులోని అస్సామీ స్నేహితుడు చదవలేడే అంటారా? కిందనే హిందీలో ఇంకో వరుస రాయండి. టి.సి. తీసుకునే రోజున ఆ ఫైళ్ల కాపీ ఒకటి ల్యాబ్ కంప్యూటర్‌లో ఉంచి వెళ్లండి.