చాక్లెట్ సెంటు కొనేముందు

పోయిన నెల పట్టుచీరలు మడతపెట్టే తీరు రాసిన. ఈ నెల సెంటు ముచ్చట. మన షోలాపూర్ గల్లీలల్లో కాలేజీకి, ఆఫీసుకు పోయే పిల్లలు ఇప్పుడు చాక్లెట్ వాసన వచ్చే సెంటు కొడుతున్నరు. పెద్దోళ్లేమో "ఇదేం వాసనే, బేకరీల కూసున్నట్టుంది" అని కసురుకుంటున్నరు. ఇద్దరికీ చెప్పేది ఉన్నది.

పిల్లల కోరికల తప్పేం లేదు. మిల్లుల చేసిననాడు మన ఒంటికి మిషను నూనె వాసన, గంజి వాసన. బీడీలు చుట్టే ఆడోళ్ల చేతులకు తంబాకు వాసన. ఎంత సబ్బు రుద్దినా పోకపోయేది. అటువంటి ఇంట్ల పుట్టిన పిల్ల తియ్యటి వాసనతో బయటికి పోతానంటే సంతోషమే.

ఈ రకం సెంట్లను గూర్మాండ్ అంటరు. ఫ్రెంచి మాట, తిండి అంటే ఇష్టమున్న మనిషి అని అర్థం. 1992లో తియెరీ ముగ్లేర్ అనే ఫ్యాషన్ కంపెనీ 'ఏంజెల్' అనే సెంటు తెచ్చింది. తయారు చేసినాయన ఒలివియే క్రెస్ప్. పూల వాసన, చెక్క వాసన కాకుండా చాక్లెట్, కారమెల్ వాసనలు ముందుకొచ్చింది దాంతోనే. ఈథైల్ మాల్టాల్ అనే పదార్థం అందుల పీచుమిఠాయి వాసన ఇస్తది. తీపి మొగం మొత్తకుండ పచోలీ ఆకు నూనె బాగా కలిపిన్రు. ఆ ఆకుకు మన బట్టల పనితోటి పాత చుట్టరికమే. 1800ల కాలంల కశ్మీర్ శాలువలను యూరప్‌కు పంపేటప్పుడు పురుగు కొట్టకుండ మడతల నడుమ ఎండిన పచోలీ ఆకులు పెట్టేవాళ్లు.

ఇక కొనే తీరు. మూత వాసన చూసి డబ్బులు ఇయ్యకండి. మణికట్టు మీద ఒక్కసారి కొట్టించుకొని దుకాణం నుంచి బయటికి రండి. మొదలు స్పిరిట్ ఘాటు, తర్వాత పండ్లు, పూల వాసనలు వస్తయి. చాక్లెట్, వనిల్లా అడుగున ఉండే వాసనలు, అవి నిదానంగా పైకొచ్చి సాయంత్రం దాక ఉంటయి. అప్పటికి తల నొయ్యకపోతే, ఇంకా ఇష్టంగుంటే అప్పుడు కొనండి, అదీ చిన్న సీసానే. ఒక్కరోజు రెండు రకాలకంటే ఎక్కువ చూస్తే ముక్కు తికమక పడతది. సీసా మీద 'ఓ ద టాయ్‌లెట్' అని ఉంటే పలుచన, 'ఓ ద పర్ఫ్యూమ్' అని ఉంటే చిక్కన. రోజూ వాడేటందుకు పలుచనిదే మేలు.

మన ఊరి ఎండకు, చెమటకు తియ్యటి వాసన ముద్దకడతది. చలికాలం సాయంత్రాలకు అది బాగుంటది. మెడ దగ్గర ఒకసారి, మణికట్టు మీద ఒకసారి, అంతే. పట్టు మీద, జరీ మీద కొట్టొద్దు. పట్టుకు మరక పడతది, జరీ నల్లబడొచ్చు. మల్లెపూలు పెట్టుకున్న రోజు సెంటు జోలికి పోకండి, రెండు వాసనలు కొట్లాడుకుంటయి.

ఇంకోటి, మన సెంటు కొద్దిసేపటికి మన ముక్కుకే తెల్వకుండ పోతది. సాంచా నడిపేటోళ్లకు దాని చప్పుడు పట్టదు, గల్లీలకు కొత్తగ వచ్చినోళ్ల చెవులు పగులుతయి. ఇదీ అంతే. వాసన పోయిందనుకొని మళ్లీ కొడితే పక్కనున్నోళ్లకే కష్టం.

ఆ పక్కనున్నది ఎవరో చూడండి. మన ఇండ్లు ఒకటి రెండు అర్రలవి. పిల్ల తయారయ్యే అర్రలనే తాత పండుకొని ఉంటడు. ఏండ్ల తరబడి పత్తి దుమ్ము పీల్చిన ఛాతి అది. వారం సెలవు అయినంక పనికి పోంగనే ఛాతి పట్టేసేది, గుర్తుందా? డాక్టర్లు దాన్ని బిస్సినోసిస్ అంటరు. అటువంటి ఛాతికి, ఆస్తమా ఉన్నోళ్లకు ఘాటు సెంటు తగిలితే దగ్గు, ఆయాసం రావచ్చు. ఖరీదు సెంటయినా అంతే.

కాబట్టి బిడ్డలారా, సెంటు గ్యాలరీల కొట్టుకోండి, లేకుంటే మిద్దె మీద. ఆరినంక లోపలికి రండి. "తాతా, దమ్ము వస్తుందా?" అని ఒక్కమాట అడగండి. మీరు అడగకపోతే ఆయన చెప్పడు. మీ సంబురం చెడగొట్టొద్దని గోడదిక్కు తిరిగి దగ్గుకుంటడు.

పెద్దోళ్లకు కూడా ఒక మాట. బేకరీ, చాక్లెట్ అని ఎగతాళి చేస్తే పిల్లలకు మీ కోపమే కనపడతది, మీ ఆయాసం కనపడది. "దమ్ము ఆడుతలేదు బిడ్డా, బయట కొట్టుకో" అని తిన్నగ చెప్పండి. చెప్తే వింటరు.

వచ్చే నెల గంజి పెట్టిన దుప్పట్ల ముచ్చట రాస్త. సెలవు.