మీ బొందలగడ్డ ఏ సర్వే నంబరు?



ఈసారి మాట సముద్రం ఒడ్డున మొదలుపెడతా. మచిలీపట్నంలో ఒక చిన్న డచ్ శ్మశానం ఉంది. 1605లో ఆ రేవులో దిగిన డచ్ ఈస్టిండియా కంపెనీ వాళ్ల సమాధులు అవి. రాతి పలకల మీద పేర్లు, వంశాల గుర్తులు చెక్కి ఉంటాయి. కేంద్ర పురావస్తు శాఖ దాన్ని కాపాడుతోంది. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం అలాంటి రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషిద్ధం.

కాపాడాల్సిందే, కాదనను. కానీ అదే కంపెనీ కరువు కాలాల్లో ఈ కోరమాండల్ తీరంలో ఆకలితో ఉన్న మనుషులను బానిసలుగా కొని బటావియాకు ఓడలెక్కించింది. వాళ్ల పేరున ఒక్క పలక లేదు. కొన్నోడి బొందకు కంచె, అమ్ముడుపోయినోడికి ఆనవాలు కూడా లేదు. ఎవరి సమాధికి హద్దురాయి ఉంటే చరిత్ర వాళ్లదే అవుతుంది.

ఇప్పుడు మన జిల్లాలకు రండి. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912 నుంచి ఆ డయాసిస్‌ను నడిపి, 1945 జనవరి 1న కన్నుమూశారు. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి కెథీడ్రల్‌ను అందరూ మెచ్చుకుంటారు. ఆ డయాసిస్ చర్చిలను నింపిందెవరు? ఎక్కువగా మాలలు, మాదిగలే. ఊరి చావుకు డప్పు కొట్టినోళ్లు, చావు కబురు మోసినోళ్లు, వెట్టిగా బొంద తవ్వినోళ్లు. ఊరందరికీ ఆరడుగులు తవ్వినోడికి, తన ఆరడుగులకు కాగితం లేదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాడల్లో నేను అడిగేది ఒక్కటే: మీ బొందలగడ్డ ఏ సర్వే నంబరు? చాలాచోట్ల వచ్చే జవాబు నంబరు కాదు. "తాతల నాటి నుంచి అక్కడే పెడుతున్నం" అంటారు. తాతల మాట మీద బొంద తవ్వొచ్చు. వెంచర్ వాడి జేసీబీని ఆపలేం.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. మన పక్క రాష్ట్రమే ఛత్తీస్‌గఢ్. అక్కడి బస్తర్‌లో 2025 జనవరిలో మహ్రా కులానికి చెందిన ఒక పాస్టరు చనిపోతే సొంతూర్లో పూడ్చనివ్వలేదు. శవం దాదాపు మూడు వారాలు మార్చురీలోనే ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా పోయాడు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న అన్నారు. జస్టిస్ సతీష్ చంద్ర శర్మ ఒప్పుకోలేదు. చివరికి సుమారు 20 కిలోమీటర్ల అవతలి క్రైస్తవ శ్మశానానికి తీసుకుపొమ్మన్నారు.

"మతం మారినోళ్లకు మా శ్మశానంలో చోటెందుకు?" అని కొందరు అడుగుతారు. అయ్యా, మతం మారకముందు మా తాతకు మీ శ్మశానంలో చోటిచ్చారా? అప్పుడు కులం అడ్డం, ఇప్పుడు మతం అడ్డం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా చూపించి, బతికినన్నాళ్లు ఎస్సీ సర్టిఫికెట్ కావాలంటే హిందువని రాయించుకోమంటారు. చచ్చినంక క్రైస్తవుడివి పొమ్మంటారు.

ఊరూరా వైకుంఠధామాలు కట్టామని ప్రభుత్వం చెప్పుకుంది. ఎవరి స్వర్గమో పేరులోనే ఉంది. మన శవాన్ని ఆ గేటు లోపలికి రానిస్తారా? రానియ్యకపోతే మన బొందలగడ్డకు దారి, నీళ్లు, ప్రహరీ ఎక్కడ?

చర్చి పెద్దలకూ ఒక మాట. గోపురం ఎత్తు పెంచేముందు బొందలగడ్డ హద్దులు కొలిపించండి. పరలోకంలో చోటు గురించి ప్రతి ఆదివారం చెబుతున్నారు. ఇహలోకంలో చోటు సంగతి ఎవరు చెబుతారు?

విద్యార్థి మిత్రులారా, సెలవులకు ఊరికి పోతారు కదా. పెద్దలను వెంటబెట్టుకొని ఆ జాగా చూడండి, ఫోటోలు తీయండి. ఎవరిని ఎక్కడ పెట్టారో పేర్లు రాసుకోండి. 2025 అంబేద్కర్ జయంతి రోజున మొదలుపెట్టిన భూభారతిలో ఆ నంబరు ఎవరి పేరున ఉందో తీయండి. బొందలగడ్డగా నమోదు చేయాలని గ్రామసభలో తీర్మానం అడగండి, తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి.

బతికినోళ్లకే భూమి లేదు, చచ్చినోళ్లకెందుకని అనకండి. చచ్చినోళ్ల జాగానే నిలుపుకోలేకపోతే, బతికినోళ్ల వాటా అడిగేదెట్లా?