సెకండ్‌హ్యాండ్ మైకా? వెనక లేబుల్ చూసి కొనండి

మూడేళ్ల కిందట మా ఊరి తెలుగు సంఘం ఉగాది వేడుకలో సౌండ్ బాధ్యత నా మీద పడింది. కంప్యూటర్ల పని చేసేవాడికి మైకుల సంగతీ తెలిసే ఉంటుందని అందరి నమ్మకం. ఖర్చు తగ్గిద్దామని నాలుగు వైర్‌లెస్ మైకుల సెట్టు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. కొత్తదాని ధరలో పావు వంతుకే వచ్చిందని మురిసిపోయాను. తీరా తొమ్మిదేళ్ల పాప అన్నమయ్య కీర్తన అందుకోగానే మైకు గరగరలాడి మూగబోయింది. పాట ఆపేసి ఆ పాప వాళ్లమ్మ వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఇంటికొచ్చి రిసీవర్ వెనక లేబుల్ చదివాక అసలు సంగతి తెలిసింది. అమెరికాలో 600 మెగాహెర్ట్జ్ బ్యాండులో చాలా భాగం 2017లో ముగిసిన వేలంతో సెల్‌ఫోన్ సేవలకు వెళ్లిపోయింది. 617–652, 663–698 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే వైర్‌లెస్ మైకులను 2020 జులై 13 తర్వాత వాడకూడదని ఎఫ్‌సీసీ నిబంధన. నేను కొన్నవి సరిగ్గా అవే!

ఆ రోజు మా పరువు నిలబెట్టింది ఒకరి గరాజ్‌లోంచి వచ్చిన పాత షూర్ ఎస్‌ఎం58 వైరు మైకు. 1966 నాటి మోడల్ అది. బ్యాటరీ అక్కర్లేదు, ఫ్రీక్వెన్సీ గొడవ లేదు. అందుకే పాతదైనా దానికి గిరాకీ తగ్గదు. కాకపోతే నకిలీలు కూడా ఎక్కువే, చూసి కొనాలి. సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిన పరికరాల సంగతి వేరు. టాబ్లెట్ యాప్‌తో నడిచే మిక్సర్‌కు కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే, లోపల అంతా బాగున్నా కొనేవాడు వెనకాడతాడు. స్పీకర్ మీద రాసిన వాట్లు చూసి మోసపోవద్దు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. ఇండియా నుంచి తెచ్చిన శ్రుతి పెట్టె అయితే 120 వోల్టులకు పనిచేస్తుందో లేదో ముందే చూసుకోవాలి.

మన అసలు సమస్య మొహమాటం. వాట్సాప్ గ్రూపులో మనవాళ్లే అమ్ముతున్నారని ఏమీ అడగకుండా కొంటాం. మనవాళ్లే కొంటున్నారని లోపాలు చెప్పకుండా అమ్ముతాం. అమ్మేవారు లేబుల్ ఫొటో పెట్టాలి, ఎందుకు అమ్ముతున్నారో చెప్పాలి. కొనేవారు ఒక పాటైనా పాడి వినాలి. పిల్లలు కాలేజీకి వెళ్లాక ప్రతి గరాజ్‌లోనూ ఓ సెట్టు దుమ్ము పట్టేకంటే, సంఘం తరఫున ఒక మంచి సెట్టు కొని అందరూ వాడుకోవడం మేలని నా అభిప్రాయం.

నా మైకులను సగం ధరకు అడిగినవారూ ఉన్నారు. అమ్మితే నా డబ్బులు కొన్నయినా తిరిగొచ్చేవి. కానీ మరో ఊళ్లో మరో పాప పాట ఆగిపోయేది. అందుకే ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చేసి వచ్చాను.